మా దాగలిని మేమే కొనుక్కున్న వైనం

మా ముత్తాత మూడు ఊళ్లకు మునసబు. మా తాత ఒక ఊరికి మునసబు. మా నాన్న మునసబుగారి అబ్బాయి. నేను మునసబుగారి మనవణ్ణి. తరానికొక మెట్టు చొప్పున దిగుతూ వచ్చాం గానీ, ఎక్కడా నడుము వంచి దిగలేదు.

ముత్తాత ఇంటి వసారాలో టేకు పడక కుర్చీ వేసుకుని, దాని పొడవాటి చేతుల మీదికి కాళ్లు చాపుకుని తగాదాలు తీర్చేవాడట. ఇరుపక్షాలూ ఎండలో నిలబడి వినేవి. తీర్పు మధ్యలో ఆయన ఒక కునుకు తీసినా ఎవరూ కదిలేవాళ్లు కాదు. ఎవరు గెలిచారన్నది ఆయన నిద్ర లేచాక గానీ తేలేది కాదు. దీన్ని మా ఇంట్లో న్యాయం అనేవాళ్లు.

తాతకు పక్క చేనివాళ్లతో గట్టు తగాదా. గట్టు వెడల్పు రెండు జానలు. దాని కోసం పద్నాలుగేళ్లు నరసరావుపేట కోర్టు చుట్టూ తిరిగి, గట్టుకు ఇటువైపున్న పొలమంతా అమ్మి, చివరికి గట్టు గెలిచాడు. డిక్రీ కాగితం పట్టుకుని మేళతాళాలతో ఊళ్లోకి వచ్చాడని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. గెలిచిన గట్టు మీద నిలబడితే రెండు వైపులా ఇతరుల పొలమే కనిపించేది.

నాన్న సర్పంచి ఎన్నికలకు నిలబడ్డాడు. ఇంటింటికీ వెళ్లి ఓటు అడగడం నామోషీ అనుకున్నాడు. కావలసినవాళ్లు మన గడపకు వచ్చి ఓటు వేస్తామని చెప్పిపోతారని పదిహేను రోజులు అదే పడక కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరు వచ్చారు. ఒకరు మా మేనత్త, రెండోవాడు పాలు పోయడానికి వచ్చినవాడు.

ఇక నేను. గురజాలలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయాను. ఆ మునసబు పదవిని ప్రభుత్వం ఎత్తేసి నలభై ఏళ్లు దాటినా ఊళ్లో నన్ను ఇప్పటికీ "మునసబుగారూ" అనే పిలుస్తారు. రేషన్ బండి దగ్గర వరసలో నిలబడితే "మునసబుగారూ, కాస్త ఎనక్కి జరగండి" అంటారు. నా నడుము నిటారుగా ఉండటం వంశంలోనే ఉందని అనుకునేవాణ్ణి. ఎముకల డాక్టరు ఫొటో తీసి చూసి, అది వంశం కాదు, డిస్కులు అరిగాయని చెప్పి బెల్టు రాసిచ్చాడు.

మా ఇంటికి ఒక గుర్తు ఉండేది. మూడు నిలువు గీతలు, వాటి నెత్తిన ఒక అడ్డగీత. మా ఎడ్ల తొడల మీద అదే వాత, ఊరి చావడి గడప మీద అదే చెక్కడం, మంచినీళ్ల బావి రాళ్ల మీద కూడా అదే. ఎడ్లు పోయాయి. చావడి పడగొట్టి పాల కేంద్రం కట్టారు. బావిని పూడ్చి దాని మీద వాటర్ ట్యాంకు లేపారు. నాకు తెలిసి ఊళ్లో మా గుర్తు ఇంకా మిగిలింది ఒక్క చోటే. కమ్మరి కొలిమిలోని దాగలి మీద.

కాల్చిన ఇనుమును పెట్టి సమ్మెటతో మోదే ఉక్కు దిమ్మెనే మా వైపు దాగలి అంటారు. మా ఊరి దాగలిని ముత్తాత బెజవాడ నుంచి ఎడ్లబండి మీద తెప్పించి, పక్కన మా గుర్తు చెక్కించి, కొలిమిలో వేయించాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. తుమ్మ మొద్దులో దాన్ని దిగేశారు. దెబ్బ మీద దెబ్బ పడి అది మొద్దులోకి కూరుకుపోయింది. గుర్తున్న భాగం కొయ్య లోపలికి వెళ్లిపోయింది. నేను చూడలేదు, నాన్న చూడలేదు. తాత చూశానని చెప్పేవాడు. తాత చూశానని చెప్పినవి ఇంకా చాలా ఉన్నాయి, వాటిలో ఒక తెల్ల పులి కూడా ఉంది.

ఆ దాగలి మూలంగా మాకొక మర్యాద ఉండేది. ఏరువాక నాడు ఊళ్లో మొదటి నాగలి కర్రు మా ఇంటిది. అరిగిన కర్రును కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి, మొన తీస్తారు. మా కర్రు దిగేదాకా ఇంకెవరి కర్రూ నిప్పులో పెట్టేవాళ్లు కాదు. మా నాగళ్లు పోయాక కూడా నాన్న ఆ మర్యాదను వదల్లేదు. ఏటా అటక మీది పాత కర్రును దింపించి కొలిమికి పంపేవాడు. కమ్మరి ఆచారి దాన్ని కాల్చి నాలుగు దెబ్బలు వేసి తిరిగి పంపేవాడు. నేల మొహం చూడని కర్రు ఏటా నాలుగు దెబ్బలు తిని తిని, నాన్న పోయేనాటికి అట్లకాడంత పల్చనైంది. ఇప్పుడు నా భార్య దాంతో అట్లే తిప్పుతోంది.

మొన్న ఎండాకాలం తెలిసింది, ఆచారి కొలిమి ఎత్తేస్తున్నాడని.

ఆచారి నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయన తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ ఆ దాగలి ముందే కూర్చున్నారు. ఇప్పుడు ఊళ్లో నాగళ్లు లేవు. ట్రాక్టరు వెనక తగిలించే పళ్లన్నీ మాచర్లలో షాపులో దొరుకుతాయి. కొడుకుకు నరసరావుపేటలో వెల్డింగ్ షాపుంది. ఆచారి అక్కడికి వెళ్లిపోతున్నాడు, సామానంతా పాత ఇనుము భాయికి వేసేస్తున్నాడు.

ఈ భాయి ప్రతి బుధవారం మాచర్ల నుంచి ట్రాలీ ఆటోలో వస్తాడు. ఆటోకు కట్టిన మైకులో "పాత ఇనుము, పాత బ్యాటరీలు, విరిగిన కుర్చీలు కొంటాం" అని ఆయన భార్య గొంతు రికార్డు తిరుగుతుంటుంది. ఆరేళ్లుగా మా గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆ ఆటో నెమ్మదిస్తుంది. భాయి తల బయటికి పెట్టి, వసారాలోని పడక కుర్చీని ఒక చూపు చూసి అడుగుతాడు.

"కుర్చీ ఇస్తారా అయ్యా?"

"మా ఇంట్లో అమ్మేవి ఏమీ లేవు భాయ్."

"సరే అయ్యా. వచ్చే బుధవారం అడుగుతా."

ఆ బుధవారం నేను చొక్కా తొడుక్కుని బయల్దేరుతుంటే నా భార్య గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఎక్కడికండీ, ఇంత ఎండలో?"

"కొలిమికి. మన దాగలిని తుక్కులో వేస్తున్నారు. కరిగిస్తే మన గుర్తు పోతుంది. తీసుకొస్తాను."

"తెచ్చి ఏం చేస్తాం? దాని మీద పచ్చడి నూరతానా?"

"అది మనది."

"మనదైతే ఇన్నేళ్లూ వాళ్ల దగ్గరెందుకుంది?"

ఆడవాళ్లతో చరిత్ర మాట్లాడటం కష్టమని మా నాన్న అంటుండేవాడు. ఆయన కష్టపడగా నేను ఎన్నడూ చూడలేదు. నేను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాను.

కొలిమి పైకప్పు రేకులు అప్పటికే దించేశారు. భాయి ఆటోలో పట్కార్లు, సుత్తులు, తిత్తికి బదులు పెట్టుకున్న కరెంటు ఫ్యాను, అన్నీ ఎక్కాయి. దాగలి ఒక్కటే తుమ్మ మొద్దులో ఉంది. ఆచారి దాని పక్కన గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు. బీడీ మాత్రం పారేయలేదు. నాన్న వస్తే పారేసేవాడు. గమనించాను.

"రండి మునసబుగారూ. కర్రు తెచ్చారా ఏంది?"

"కర్రు కాదు ఆచారీ. దాగలి కోసం వచ్చా. అది మాది."

"మీదా?" ఆచారి భాయి వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "మీదైతే తీసకపోండి. ఎవరొద్దన్నారు? నాకు మోత తప్పుద్ది."

ఇలా అంటాడని నేను అనుకోలేదు. పోట్లాడతాడనుకుని దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఊరకే ఇస్తానంటే ఏం చేయాలి? మా ఇంటివాళ్ల చెయ్యి ఎప్పుడూ పైన ఉండి ఇచ్చిందే గానీ, కింద ఉండి పుచ్చుకున్నది లేదు. ఆచారి ఇస్తే నేను పుచ్చుకున్నానని నరసరావుపేట దాకా చెబుతాడు. చెప్పకపోయినా నాకు వినిపిస్తూనే ఉంటుంది.

"ఊరకే నాకేం అక్కర్లేదు."

"అయితే కొనుక్కోండి."

"మా వస్తువు మేం కొనుక్కోవటమేంది?"

ఆచారి బీడీని ఈ మూల నుంచి ఆ మూలకు మార్చాడు.

"ఇస్తే తీసుకోరు. అమ్మితే కొనరు. మరి నన్నేం చేయమంటారయ్యా, రోజూ దీన్ని నెత్తిన పెట్టుకుని మీ ఇంటి చుట్టూ తిరగమంటారా?"

భాయి అప్పటిదాకా ఆటో చక్రం మీద కాలు పెట్టుకుని వింటున్నాడు. మా ముత్తాత పడక కుర్చీలోంచి చెప్పిన తీర్పులన్నింటినీ మించిన తీర్పు అప్పుడు చెప్పాడు.

"అయ్యా, మీరిద్దరూ ఒక ఊరోళ్లు, మీ మధ్య పెద్దరికాలుంటాయి. నాకేం లేవు. ఆచారి దగ్గర నేను కొంటా. నా దగ్గర మీరు కొనండి. బజార్లో కొన్నట్టు. ఎవురికీ తక్కువ కాదు."

నాకు నచ్చింది. ఆచారికీ నచ్చింది, ఆయన నవ్వును బట్టి తెలిసింది. భాయి కాటా దించి, దాగలి కొయ్యలో ఉండగానే ఒక అంచనా చెప్పి, కేజీల లెక్కన ఆచారి చేతిలో నోట్లు పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి ధర చెప్పాడు. ఆచారికి ఇచ్చినదానికి నాలుగింతలు.

"అదేంది భాయ్, ఇప్పుడే గదా తుక్కు రేటుకు కొన్నావ్?" అన్నాడు ఆచారి. నేను అడగలేదు, మా ఇంట్లో బేరమాడరు.

"నేను కొన్నప్పుడు తుక్కే. అయ్యగారు కొనేటప్పుడు పాతకాలపు వస్తువు."

ఆ రెండు కాలాల మధ్య దాగలి అంగుళం కూడా కదల్లేదు. అయినా నేను తీసుకున్నానని చెప్పేశాను. పక్కనున్న టీ కొట్టులోని నలుగురూ గ్లాసులు పట్టుకుని అప్పటికే బయటికి వచ్చారు. వాళ్ల ముందు ఇంకో మాట అనడం నా వల్ల కాదు. జేబులో అంత డబ్బు లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

"డబ్బుకేం తొందరలేదయ్యా, ఇంటికి దించినప్పుడు చూసుకుందాం," అన్నాడు భాయి. చాలా మర్యాదగా అన్నాడు. ఆ మర్యాద ఎక్కడికి దారి తీస్తుందో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

"మొద్దులోంచి తీయండి. గుర్తు చూడాలి," అన్నాను.

"ఏం గుర్తు?" అన్నాడు ఆచారి.

"మా ఇంటి గుర్తు. పక్కన చెక్కి ఉంది, కొయ్యలోకి దిగింది. నీకు తెలియదా?"

ఆచారి గొడ్డలి తీసుకుని తుమ్మ మొద్దును పక్కల నుంచి చీల్చడం మొదలుపెట్టాడు. ఎండి ఎండి రాయైపోయిన మొద్దు అది. చెమటలు కక్కుతూ అరగంట కొట్టాడు. టీ కొట్టు నలుగురూ ఏడుగురయ్యారు. చివరికి మొద్దు రెండు చెక్కలై విచ్చుకుంది. భాయీ ఆచారీ దాగలిని పక్కకు దొర్లించారు. నేను పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, నడుము బెల్టు పట్టేస్తున్నా వంగి, చేతిరుమాలుతో మసి తుడిచాను. ఒక పక్క తుడిచాను. ఇంకో పక్క. మూడోది. నాలుగోది.

మూడు గీతలూ లేవు, అడ్డగీతా లేదు. నునుపైన ఉక్కు, దాని మీద తుప్పు.

"కిందేమన్నా ఉందేమో చూడండి మునసబుగారూ," అని టీ కొట్టు వాళ్లలో ఎవరో అన్నారు. కింద కూడా చూశాను. నవ్వు వినిపించింది.

ఆచారి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించి, నాకొక్కడికే వినబడేటట్టు చెప్పాడు. ఆ ఒక్కదానికి నేనాయన్ను మెచ్చుకుంటాను.

"మీ ముత్తాత చెక్కించబోయిన మాట నిజమేనయ్యా. మా తాత ఒప్పుకోలా. దాగలి మీద ఉలి గాటు పడితే ఆడనుంచే పగులుద్ది, చెక్కనియ్యనన్నాడంట. మీ ముత్తాత కోపంతో యెళ్లిపోయాడంట. మల్లా ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలా."

"మరి చెక్కించానని ఇంట్లో చెప్పాడే?"

"ఇంట్లో ఏం చెప్పాడో మాకేం తెలుసు?"

మూడు ఊళ్లలో మా ముత్తాత మాటకు ఎదురు లేదని విని పెరిగాను. ఎదురు చెప్పినవాడు ఒకడున్నాడని, వాడు బొగ్గు మసితో ఈ మొద్దు ముందే కూర్చున్నాడని, ఆ రోజు మా ముత్తాత నోరు మూసుకుని ఇంటికి నడిచి, చెక్కించేశానని ఇంట్లో చెప్పుకున్నాడని నాకు అరవై రెండో ఏట తెలిసింది. దాని తర్వాత తాత చూశానన్నాడు. నాన్న ఏటా కర్రు పంపాడు. నేను చొక్కా తొడుక్కుని వచ్చాను.

భాయి గొంతు సవరించుకున్నాడు. "గుర్తు లేదు గదయ్యా. వద్దనుకుంటే చెప్పండి, నాకేం ఇబ్బంది లేదు. ఆటోలో ఎక్కిస్తా, రేపటికి కరిగిపోద్ది."

నేను మసైన రుమాలును మడతపెట్టాను. ఆచారికి నా మీద జాలి కలిగినట్టుంది. జాలి కంటే ఆయన పారేయని బీడీయే నయం.

"కావాలంటే ఇప్పుడు కొట్టిస్తానయ్యా. మావాడి కటింగ్ మిషను ఇంట్లోనే ఉంది. మూడు గీతలూ ఒక అడ్డగీతా, రెండు నిమిషాల పని. ఇంక దీని మీద ఎవరు కొడతారు, పగిలితే ఏంది? మసి రుద్దితే పాతదాన్లాగే ఉంటది."

ఆ మాట వింటే సరిపోయేది. టీ కొట్టు వాళ్లు తప్ప సాక్షులు లేరు, వాళ్లకు ఒక టీ పోయిస్తే చాలు. కానీ మూడు తరాలు నోటితో చెప్పుకున్న అబద్ధాన్ని ఉక్కు మీద చెక్కించాలంటే ముత్తాతకున్నంత గుండె కావాలి. నాకు లేదు.

"వద్దు. మీ తాత చెక్కనియ్యలేదుగా. అట్టాగే ఉండనీ."

"మరి దాగలి?" అన్నాడు భాయి.

"తీసుకున్నానని చెప్పానుగా."

గుర్తు కోసం వచ్చి, గుర్తు లేనిదాన్ని, నాలుగింతలు పెట్టి కొన్నాను. ఎందుకు కొన్నావని ఆ తర్వాత చాలామంది అడిగారు. మాట ఇచ్చాను కాబట్టి అని చెప్పాను. అది నిజమే. మా ఇంట్లో మాట తప్పేవాళ్లు లేరని కూడా చెప్పబోయి ఆగిపోయాను. ఆ రోజు నుంచి మా ఇంటి గురించి చెప్పేటప్పుడు కొంచెం చూసుకుని చెబుతున్నాను. దాన్ని తెచ్చుకోకపోతే, మా ముత్తాతకు వద్దని చెప్పిన వస్తువు కూడా ఊళ్లో లేకుండా పోయేది. దాని మీద ఆయన గుర్తు లేకపోవడమే ఆయన గురించి ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క నిజం. ఈ సంగతి టీ కొట్టులో చెప్పుకునేది కాదు.

ఆటో వెనక ట్రాలీలో దాగలి, దాని పక్కన ఆచారి, ముందు భాయి పక్కన నేను. ఇల్లు చేరేదాకా మైకులో "విరిగిన కుర్చీలు కొంటాం" మోగుతూనే ఉంది. ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు.

వసారాలో దాగలిని దించారు. దించిన చోట గచ్చు పగిలింది. ఆచారి దాని నెత్తిని అరచేత్తో ఒకసారి తుడిచి, చెయ్యి కళ్లకద్దుకున్నాడు.

"అయ్యా, దీని మీద కాలు పెట్టగూడదు. కూచోగూడదు. ఆడపిల్లలు చెంబులూ గ్లాసులూ పెట్టగూడదు. ఏరువాకకు ఒక కొబ్బరికాయ కొట్టండి, చాలు."

"కర్రు కూడా పెట్టాలా ఆచారిగారూ?" అని నా భార్య వంటింటి గుమ్మంలోంచి అడిగింది. చేతిలో అట్లకాడ ఉంది. ఆచారి దాన్ని చూశాడు. తన చేతి పని ఆయన గుర్తు పట్టాడనే అనుకుంటాను. తల వంచుకుని, "అక్కర్లేదమ్మా," అన్నాడు.

ఆచారి వెళ్లిపోయాడు. భాయి వెళ్లలేదు. డబ్బు అడగలేదు. వసారా అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగి, తాగి, గ్లాసు పక్కన పెట్టి, పడక కుర్చీ చేతిని వేలితో తట్టి చూశాడు. టేకు బాగా పలికింది.

"దాగలి డబ్బుకు కుర్చీని చెల్లు పెట్టుకుందామా అయ్యా? పైన మీకే నేను కొంత ఇస్తా."

మా ఇంట్లో అమ్మేవి ఏమీ లేవు భాయ్ అనాలి. ఆరేళ్లుగా అలవాటైన మాట. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నా నోటి వైపే చూస్తోంది. ఇంట్లో ఉన్న డబ్బు ఎంతో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"ఒక్కసారి కూర్చుని లేస్తారా అయ్యా, ఎక్కించేముందు?" అన్నాడు భాయి. అందులో ఎగతాళి లేదు, వెతికాను.

"అక్కర్లేదు," అన్నాను. "జాగ్రత్తగా దించుకో. ఎడమ చెయ్యి కీలు వదులు."

తాళ్లతో కట్టి, మధ్యలో ఆచారి సుత్తులూ పట్కార్లూ కదలకుండా సర్ది, కుర్చీని ఆటోలో నిలబెట్టాడు. అది వెళ్లిపోయాక వసారాలో నిలబడ్డాను. కూర్చోవడానికి అక్కడ ఉన్నది దాగలి ఒక్కటే, దాని మీద కూర్చోకూడదు. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకున్నాను.

మా ముత్తాత పడక కుర్చీని, కాళ్లు చాపుకునే పొడవాటి చేతులతో సహా, ఆ బుధవారం పాత ఇనుము భాయికి అమ్మేశాను.